చక్రానికి గరుకు, అద్దానికి నునుపు

కారుకి ఇంటి దగ్గరే చేసుకోగలిగిన సోకుల్లో చక్రాలకు రంగు కొట్టడం, అద్దాలకు ఫిల్మ్ అంటించడం ముందు వరుసలో ఉంటాయి. రెండింటికీ వీడియోలు బోలెడు. పది నిమిషాలు తిరిగేసరికి గీతలు పడ్డ పాత వీల్ షోరూం సరుకైపోతుంది, తెల్లటి అద్దం నల్లగా నిగనిగలాడుతుంది. అదే మనం చేస్తే మూడో నెలకి రంగు పెచ్చులు లేస్తుంది, నాలుగో రోజుకి ఫిల్మ్ అంచు విడిపోతుంది. అప్పుడు మనం తిట్టుకునేది రంగు డబ్బానీ, ఫిల్మ్ రోల్‌నీ. రెండు పనులూ ఒకటికి రెండుసార్లు చెడగొట్టుకున్నాక నాకు తెలిసొచ్చింది, వాటి పాపం తక్కువే అని. పని చెడేది పై పొరలో కన్నా ఆ పొర కింద.

ఈ రెండు పనుల సూచనల్లోనూ మొదటి వాక్యం ఒకటే: "ముందు బాగా శుభ్రం చేయండి." తికమక మొదలయ్యేది ఇక్కడే. వీల్ శుభ్రంగా ఉందంటే జిడ్డు లేదు, పొడిగా ఉంది, పైగా గరుకుగా ఉంది అని అర్థం. అద్దం శుభ్రంగా ఉందంటే నూగు లేదు, నున్నగా ఉంది, ఇంకా తడిగానే ఉంది అని. మాట ఒకటే, అడిగేవి ఎదురెదురు పనులు. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే చేసిందంతా దండగే.

ముందు చక్రం సంగతి. కంపెనీ నుంచి వచ్చిన అల్లాయ్ వీల్ (అల్యూమినియం మిశ్రమలోహపు చక్రం) మీద మామూలుగా మూడు రకాల పొరలుంటాయి: రంగుకి పట్టు ఇచ్చే ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన మెరుపు కోసం రంగులేని క్లియర్ కోట్. ఆ క్లియర్ కోట్‌ని తయారు చేసిందే మురికి, నీళ్లు, రసాయనాలు పట్టుకోకుండా జారిపోవడానికి. దాని మీద నేరుగా స్ప్రే చేస్తే మన రంగు కూడా జారిపోవాల్సిందే, కాకపోతే కొన్ని వారాలు ఆగి. శాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడు ఆ పొర మీద వేల కొద్దీ సన్నటి గీతలు పడతాయి. రంగు వాటిలోకి దిగి గట్టిపడి, పళ్లు దింపినట్టు పట్టుకుంటుంది. అందుకే పాత పూత గట్టిగా ఉన్నప్పుడు దాన్ని లోహం దాకా గీకేయక్కర్లేదు. 320 నుంచి 400 నంబరు పేపర్‌తో (నంబరు పెరిగే కొద్దీ గరుకు సన్నబడుతుంది) మెరుపు మొత్తం పోయి పాలిపోయినట్టు కనిపించేదాకా రుద్దితే చాలు. ఎక్కడైనా మెరుపు మిగిలిందంటే, రేపు పెచ్చు లేచేది అక్కడే. చువ్వల సందులు, నట్ల గుంతల చుట్టూ, టైరుని ఆనుకున్న అంచు, ఈ మూడు చోట్లా అందరి చేతులూ బద్ధకిస్తాయి.

ఫుట్‌పాత్ అంచుకి రాసుకుని చెక్కుకుపోయిన చోట కథ వేరు. అక్కడ 120తో మొదలుపెట్టి గట్లు దించి, 240, ఆపైన 400కి రావాలి. లోతైన గాటు ఉంటే మెటల్ పుట్టీ నింపి, ఆరాక రుద్దాలి. లోహం బయటపడిందంటే ఇంకో చిక్కు. అల్యూమినియం గాలి తగిలిన క్షణాల్లోనే తన మీద కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, దాన్ని మామూలు ప్రైమర్ అంత బాగా పట్టుకోలేదు. అందుకే ఎచ్ ప్రైమర్ అని వేరే దొరుకుతుంది. అందులోని కొద్దిపాటి ఆమ్లం లోహాన్ని కాస్త కొరికి ప్రైమర్‌కి పట్టు ఇస్తుంది. బయటపడ్డ లోహానికి ఎచ్ ప్రైమర్, పాత రంగు ఉన్న చోటికి మామూలు ప్రైమర్ సరిపోతుంది. స్టీలు చక్రాలైతే సమస్య తుప్పు. వైరు బ్రష్‌తో వదులుగా ఉన్నదంతా రాల్చి, తుప్పు నిరోధక ప్రైమర్ కొట్టాలి. తుప్పు మీదే రంగు కొడితే లోపల అది తన పని తాను చేసుకుపోతుంది.

చిట్లిన వీల్‌కి, వంకర పోయిన వీల్‌కి మాత్రం ఈ వ్యాసం వర్తించదు. పగుళ్లను రంగుతో కప్పడమంటే జబ్బుని దాచిపెట్టడమే.

రుద్దడానికి ముందే చేయాల్సిన పనిని చాలామంది తర్వాత చేస్తారు, అదే జిడ్డు వదిలించడం. జిడ్డు ఉండగా రుద్దితే పేపర్ ఆ జిడ్డుని గీతల్లోకి నొక్కేస్తుంది. వీల్ మీద ఉండేది ఉత్త మట్టి కాదు. బ్రేకు వేసినప్పుడల్లా డిస్క్ నుంచి, ప్యాడ్ల నుంచి వేడి వేడి ఇనుప రజను రేగి పూతలో గుచ్చుకుంటుంది. సబ్బు నీళ్లకి అది రాదు. దానికోసం ఐరన్ రిమూవర్ అనే ద్రవం ఉంటుంది, కొట్టిన రెండు మూడు నిమిషాలకి ఇనుముతో కలిసి ఊదా రంగులో కారిపోతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది, వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డే.

ఇనుము కన్నా దొంగ శత్రువు సిలికాన్. టైర్లు నల్లగా మెరవడానికి పూసే పాలిష్‌లో ఉంటుంది ఇది. నా మొదటి వీల్ మొత్తం కడిగాను, రుద్దాను, ప్రైమర్ కూడా బాగానే కూర్చుంది అనుకున్నాను. రంగు రెండో కోటు పడగానే, టైరు పక్క అంచు వెంబడి చిన్న చిన్న గుండ్రటి గుంతలు విచ్చుకోవడం మొదలైంది. ఆవగింజంత చుక్క, దాని చుట్టూ రంగు వెనక్కి తప్పుకుని గట్టు కట్టింది, చేప కన్ను లాగా. పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. మీద ఇంకాస్త కొడితే పూడతాయేమో అని కొట్టాను. పూడలేదు, గుంత లోతెక్కింది, పైనుంచి రంగు ధారలా కారింది. కారణం సులువే: సిలికాన్ ఉన్న చోట తడి రంగు పరుచుకోలేదు, నూనె రాసిన పెనం మీద నీటి చుక్కలాగా ముడుచుకుంటుంది. ఆ వీల్‌ని మళ్లీ మొదటి నుంచి రుద్దాల్సి వచ్చింది. దీనికి మందు గ్రీజు రిమూవరో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో, వాటితో పాటు రెండు గుడ్డలు. తడి గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరిపోయేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆరనిస్తే జిడ్డు ఎక్కడిదక్కడే మళ్లీ కూర్చుంటుంది. రుద్దక ముందు ఒకసారి, రుద్దాక ఒకసారి. ఆ తర్వాత వేలు పెట్టకూడదు, వేలిముద్రలోనూ నూనె ఉంటుంది.

టైరు ఊడదీయకుండా రంగు వేయొచ్చా? వేయొచ్చు. పాత పేకముక్కలు టైరుకీ రిమ్ అంచుకీ మధ్య వరసగా, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కేలా దోపితే చాలు, టేపు కన్నా నీటుగా వస్తుంది. కాస్త గాలి తీస్తే ముక్కలు ఇంకా లోపలికి దిగుతాయి. వాల్వ్‌కి టేపు చుట్టాలి. బ్యాలెన్సింగ్ కోసం అంటించిన సీసం ముక్కల్లాంటి బరువుల్ని కదపొద్దు. కారు మీద నుంచి వీల్ తీసేశాక బండిని ఉత్త జాక్ మీద వదిలేయకూడదు, స్టాండ్లు పెట్టాలి. ఇవన్నీ చాలామందికి తెలుసు.

తెలియనిది, వీడియోల్లో అసలు చెప్పనిది ఇంకోటుంది. వీల్ వెనక వైపు హబ్‌కి, అంటే కారు మీద వీల్‌ని బిగించే భాగానికి, ఆనుకునే చదునైన ముఖం, నట్లు కూర్చునే గుంతలు, ఈ రెండు చోట్లా రంగు పడకూడదు. నట్టు బిగించినప్పుడు లోపలి బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది, రబ్బరు బ్యాండ్ లాగా. వీల్‌ని పట్టి ఉంచేది ఆ సాగుడులోని బిగువే. మధ్యలో మెత్తటి రంగు పొరలు ఉంటే, బండి నడిచే కొద్దీ బరువుకీ వేడికీ అవి నలిగి పలచబడతాయి. పోయిన మందం చూడ్డానికి లెక్కలోకి రానంతే, కానీ బోల్టు సాగిందీ అంతే కొద్ది. బిగువు కాస్తా పోతుంది, నట్లు వదులవుతాయి. అందం కోసం చేసిన పని ప్రాణం మీదకి వచ్చేది ఇక్కడే, కాబట్టి ఈ ఒక్క చోట టేపు వేయడానికి బద్ధకించకండి. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు వరసగా, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె) దాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి.

స్ప్రే చేయడం గురించి నిజానికి చెప్పడానికి తక్కువే ఉంది. క్యాన్‌లో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. చెయ్యి కదలడం మొదలయ్యాకే నొక్కాలి, చెయ్యి ఆగక ముందే వదలాలి. మొదటి కోటు మంచు పట్టినట్టు పడితే చాలు, కింద రంగు కనబడినా పర్వాలేదు. మధ్యలో పది నిమిషాలు ఆగుతూ పలచటి కోట్లు మూడో నాలుగో వేస్తే ఒక్క చిక్కటి కోటు కన్నా వెయ్యి రెట్లు నయం. మంట ఎండలో వేస్తే రంగు వీల్‌ని చేరేలోపే సగం ఆరి గరుకుగా కూర్చుంటుంది. గాలిలో చెమ్మ ఎక్కువున్న రోజు వేస్తే పొర మీద పాలలాంటి మసక పడుతుంది. నీడ, పొడి వాతావరణం, గాలి ఆడే చోటు, ఇవి చూసుకోవాలి.

క్యాన్ మీద అక్షరాల్లో ఒక ముక్క మాత్రం తప్పకుండా చదవండి, రెండో కోటు ఎప్పుడు వేయాలో చెప్పేది. కొన్ని ఎనామెల్ రంగుల క్యాన్ల మీద గంటలోపు వేయాలి, లేదంటే రెండు రోజులు ఆగాలి అని ఉంటుంది. మధ్యలో వేస్తే పైనున్న కోటులోని ద్రావకం సగం గట్టిపడ్డ కింది కోటుని ఉబ్బిస్తుంది, వీల్ మొత్తం ఎండు ఖర్జూరం తొక్కలా ముడతలు పడుతుంది.

క్లియర్ కోట్‌లో రెండు రకాలు. ఒకే డబ్బాలో అంతా ఉండే వన్‌కే రకం ద్రావకం ఆవిరై ఆరుతుంది. గట్టిపరిచే రసాయనం విడిగా ఉండి వాడే ముందు కలిసే టూకే రకం రసాయన చర్యతో గట్టిపడుతుంది, పెట్రోలు చుక్క పడినా అంత తొందరగా చెక్కు చెదరదు. అయితే ఆ రెండో దానిలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పీలిస్తే ఊపిరితిత్తులకి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వచ్చే ప్రమాదముంది. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు. తగిన రెస్పిరేటర్, బట్టలు, గ్లోవ్స్ లేకపోతే ఇంట్లో దాని జోలికి పోవద్దనే నేనంటాను. వన్‌కే తో రెండేళ్లకోసారి టచప్ చేసుకున్నా నష్టం లేదు.

ఇన్ని తంటాలు వద్దనుకునేవాళ్లకి ఊడొచ్చే రబ్బరు రంగు ఉంది. దీని తర్కం మొత్తం తలకిందులు. గీతలు గీయక్కర్లేదు, పట్టు తక్కువ ఉండటమే దాని గుణం. కోట్లు కూడా ఎక్కువ, మందంగా వేయాలి. పలచగా వేస్తే తీసేటప్పుడు ఒకే తొక్కలా రాకుండా ముక్కలు ముక్కలుగా చిరిగి గోళ్లు అరగదీస్తుంది.

ఇక అద్దం. ఇక్కడ పని కన్నా ముందు లెక్క తేల్చుకోవాలి. ఫిల్మ్ మీద కనిపించే 50, 35, 20 లాంటి అంకెలు అది ఎంత నలుపో చెప్పవు, ఎంత వెలుతురుని లోపలికి వదులుతుందో చెబుతాయి. అంకె తగ్గే కొద్దీ చీకటి. పైగా కారు అద్దం తనంతట తానే కొంత వెలుతురుని ఆపేస్తుంది. 75 శాతం వదిలే అద్దానికి 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 50 కాదు, 0.75ని 0.50తో గుణిస్తే వచ్చే 37.5 శాతం. "నేను 50దే వేశాను సార్" అని వాదించి జరిమానా కట్టేవాళ్ల లెక్క తప్పేది ఇక్కడే. పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ముందు అద్దం 75, ముందు పక్క అద్దాలు 70 శాతం వదలాలి. భారతదేశంలో ముందు, వెనక అద్దాలకి 70, పక్కవాటికి 50. అక్కడ సుప్రీంకోర్టు 2012లో శాతంతో పని లేకుండా ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది, ఆ తర్వాత నిబంధనల్లో మార్పులొచ్చాయి. మీరుండే చోట ఈ రోజు ఏది అమల్లో ఉందో చూసుకున్నాకే రోల్ కొనడం మంచిది.

రెండో అపోహ, ఎంత నలుపైతే అంత చల్లదనం అని. ఎండలోని శక్తిలో సగం దాకా కంటికి కనబడని పరారుణ కిరణాలదే. రంగు అద్దిన చవక ఫిల్మ్ వెలుతురుని ఆపుతుంది కానీ ఆ కనబడని సగాన్ని పెద్దగా పట్టించుకోదు. సిరామిక్ ఫిల్మ్ దాదాపు తెల్లగా ఉండి కూడా దానికన్నా ఎక్కువ వేడిని ఆపగలదు. అందుకే కొనేటప్పుడు నలుపుని, "పరారుణం ఇన్ని శాతం" అనే ప్రకటనని పక్కన పెట్టి, మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందో చెప్పే అంకె అడగాలి. లోహపు పొర ఉన్న ఫిల్మ్ కూడా వేడిని బాగా ఆపుతుంది, కాకపోతే ఫోన్ సిగ్నల్‌కీ జీపీఎస్‌కీ అడ్డుపడొచ్చు. రంగు అద్దిన రకం కొన్నేళ్లకి ఎండకి వెలిసి ఊదాగా మారుతుంది. పాత కార్ల వెనక అద్దాలు వంకాయ రంగులో కనిపించేది అందుకే.

అంటించే విధానం చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. జిగురు ఉన్న ఫిల్మ్‌ని సబ్బు నీళ్ల మీద వేయడమేంటి? ఆ నీళ్లే ఇక్కడ కీలకం. లీటరు నీటిలో కొన్ని చుక్కలు బేబీ షాంపూ కలిపి అద్దం మీదా, జిగురు మీదా ధారాళంగా కొడితే, ఫిల్మ్ తేలుతూ ఎటు జరిపితే అటు జరుగుతుంది. సరిగ్గా కూర్చున్నాక స్క్వీజీతో (నీళ్లు నెట్టే రబ్బరు అంచు పలక) మధ్య నుంచి అంచులకి నీళ్లు నెడితే జిగురు అద్దాన్ని పట్టుకుంటుంది. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ పడ్డచోటే అతుక్కుని కదలదు.

ఫిల్మ్ లోపలి వైపే వేస్తారు, బయటైతే దుమ్ముకీ వైపర్‌కీ ఆగదు. అద్దాన్ని నీళ్లు కొట్టి, కొత్త బ్లేడు పడుకోబెట్టి గీకాలి. చేతికి నున్నగా తగిలే అద్దం మీద కూడా బ్లేడుకి ఏదో ఒకటి కరకరమని తగులుతుంది. వెనక అద్దం మీద మాత్రం బ్లేడు పెట్టొద్దు, అక్కడి డీఫాగర్ గీతలు (అద్దం మీది మసకని వేడితో పోగొట్టే తీగలు) లోపలి వైపే ముద్రించి ఉంటాయి, ఒక్క గాటుకి తెగుతాయి. శుభ్రానికి అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వద్దు, ఫిల్మ్‌కి అది పడదు.

అయినా దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? రెండు చోట్ల నుంచి. ఒకటి, అద్దం దిగే చోట ఉండే బీడింగ్. దానికి లోపల నూగు పట్టీ ఉంటుంది, తడిసినప్పుడు ఆ నూగు పైకి తేలుతుంది. రెండోది కళ్లారా చూడాలి. వెనకనున్న పారదర్శక కాగితాన్ని ఫిల్మ్ నుంచి చర్రుమని లాగండి, చేతి వెంట్రుకలు నిలబడతాయి. ఆ స్థిర విద్యుత్తుకి చుట్టుపక్కల తేలే నూగంతా వచ్చి జిగురు మీద వాలుతుంది. నాకైతే డ్రైవర్ వైపు అద్దంలో, సరిగ్గా కంటి ఎత్తులో, టీషర్టు దారప్పోగు ఒకటి కామాలా వంకర తిరిగి ఉండిపోయింది. ఎదుటి బండి లైటు పడితే వెండి తీగలా మెరిసేది. కాబట్టి ఒకరు మెల్లగా ఒలుస్తుంటే ఇంకొకరు వెంటవెంటనే నీళ్లు కొడుతుండాలి. నూగు రాలే బట్టలు వేసుకోకూడదు, ఫ్యాను ఆపేయాలి. నీళ్లు కారి తలుపు మీది స్విచ్చుల్లోకి పోకుండా కింద తువ్వాలు పరచాలి.

ఫిల్మ్ చదును, అద్దం వంపు. పక్క అద్దాల్లో ఆ వంపు తక్కువ, మొదటిసారి చేసేవాళ్లు వాటితోనే మొదలుపెట్టాలి. వెనక అద్దం అన్ని వైపులా వంగి ఉంటుంది కనుక ఫిల్మ్ అంచుల్లో వేళ్లలా మడతలు లేస్తాయి. ఫిల్మ్‌ని ముందు అద్దం బయటి వైపు పరిచి, హీట్ గన్‌తో ఆ మడతల్ని కుదించి, ఆకారం వచ్చాక లోపలికి మార్చాలి. రోల్ పొడవు దిశలోనే ఫిల్మ్ బాగా కుదించుకుంటుంది, అడ్డంగా కుదించాలని వేడి పెంచితే కాలి నలుగుతుంది. అద్దం ఒకే చోట వేడెక్కితే పగలొచ్చు కూడా. నన్నడిగితే వెనక అద్దం చేయి తిరిగినవాళ్లకి ఇచ్చేయడం తెలివైన పని.

అంతా అయ్యాక మర్నాడు చూస్తే ఫిల్మ్ మబ్బుగా, అక్కడక్కడా చిన్న నీటి బుడగలతో కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి సూదితో పొడుస్తారు. మిగిలిన నీళ్లు ఫిల్మ్ గుండా మెల్లగా ఆవిరైపోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. నొక్కితే కదిలేది నీళ్లు, అది పోతుంది. మధ్యలో చుక్కతో గుడారంలా నిలబడ్డది దుమ్ము, అది పోదు. అద్దం మాత్రం కనీసం మూడు నాలుగు రోజులు దించకూడదు. జిగురు ఇంకా పచ్చిగా ఉంటుంది, బీడింగ్ పై అంచుని పట్టి మడతపెట్టేస్తుంది. అలవాటు మీద చెయ్యి పోతుంది కాబట్టి స్విచ్చుల మీద టేపు వేసేయండి.

రెండు పనులూ చేయాలనుకుంటే అద్దాలు ముందు. చక్రాలు రుద్దిన దుమ్ము బీడింగుల్లో చేరితే ఫిల్మ్ పని ఇంక శుభ్రంగా రాదు. ఫిల్మ్ వేశాక కారుని ఎండ తగిలే చోట స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు తీసి దూరంగా నీడకి తీసుకుపోవచ్చు. రంగు తాకితే అంటని స్థితికి గంటలో వచ్చినా, నట్లు బిగించే దెబ్బకి తట్టుకోవాలంటే నాలుగైదు రోజులు, పూర్తిగా గట్టిపడాలంటే వారం పైనే కావాలి. ఎలాగూ ఆ రోజుల్లో అద్దాలు దించకూడదు, చక్రాల్లేని బండిని బయటికి తీయమని ఇంట్లో ఎవరూ అడగరు.